ఫైన్

స్పిల్లర్స్ రీచ్‌లో ఒకటే రోడ్డు.
చేపల గోదాం దాకా వచ్చి, సముద్రాన్ని చూసి ఆగిపోతుంది.
ఆ మలుపులో మా లైబ్రరీ, వారానికి మూడు మధ్యాహ్నాలు.
తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

న్యూఫౌండ్‌లాండ్‌లో ఈ మూల
ఒక్క మాటతో రోజు గడిచిపోతుంది.
పొగమంచు విడిచి, తాడు మీద దుప్పట్లు ఎగిరితే
"ఫైన్" అంటుంది ఎదురింటి డోర్కస్,
పెదాల మధ్య క్లిప్పులు తియ్యకుండానే.
పిండి జల్లించి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి
బేకరీ ముసలాయన అనేదీ అదే.
సిరిల్‌తో నా ఆఖరి పోట్లాటలో కూడా
ఆఖరి మాట అదే. "ఫైన్!"
ట్రక్కు తలుపు దానికి చుక్క పెట్టింది.
శుక్రవారం తిరిగొచ్చాడనుకోండి,
టైరు పంక్చరై.

మా నాన్న వల కన్ను మరీ సన్నం. ఫైన్.
అందుకని ఇన్‌స్పెక్టర్ పడవ ఆపించి
కాగితం చింపి చేతిలో పెట్టాడు. అదీ ఫైనే.
వలా అదే, వాతా అదే.
నలభై డాలర్లు!
ఆ చలికాలం పొడుగూతా అమ్మ
ఆ మాటని వంటింటి గడప దాటనివ్వలేదు.
ఎలా ఉన్నావని ఎవరడిగినా
"ఉన్నాను" అనేది,
బంగాళాదుంప తొక్క తెగకుండా తీస్తూ.

నిన్న పెద్దాఫీసు నుంచి ఉత్తరం:
ఒకటో తారీకు నుంచి ఆలస్యానికి ఫైన్ ఉండదు.
అట్టముక్క మీద "ఇకపై ఫైన్ లేదు" అని రాసి
నాలో నేనే నవ్వుకున్నాను.
ఊళ్ళో ఎవరికీ బాగాలేదనుకోరూ
దారిన పోయేవాళ్ళు?

ఇవాళ ముప్పై ఒకటి.
మూసే వేళకి లియాండర్ పార్డీ వచ్చాడు,
రబ్బరు బూట్లు గుమ్మం బయటే విడిచి,
మేజోళ్ళతో, గుళ్ళోకి వచ్చినట్టు.
చేతిలో రొట్టె సంచి. అందులో చేతి తొడుగుల అల్లిక పుస్తకం.
పదకొండేళ్ళ కిందటి ముద్ర.
రోవెనా పార్డీ అని, నా దస్తూరీలోనే.
రోవెనాని పాతిపెట్టిన నాడు నేల గడ్డకట్టి
గునపం రెండుసార్లు వంగింది.

"ఎలా ఉన్నావు లియాండర్?"
"ఫైన్."
తలుపు దగ్గరగా వేసినట్టు అన్నాడు,
గడియ మాత్రం పెట్టలేదు.

"ఎంతయింది?"
రోజుకి పది సెంట్ల చొప్పున వెయ్యబోయి
నాలుగు వందల దగ్గర పెన్ను ఆపేశాను.
"రేపట్నుంచి లేదు. రేపు తీసుకురా."
"ఇవాళ ఉందిగా," అన్నాడు.
ఎంత పాతదైనా ఐదు డాలర్లు దాటదని చెప్పాను.
అది నిజమే. అయినా
తక్కువ చేసి చెప్పానేమోనని నా మొహంలోకి చూశాడు.
చిల్లర బల్ల మీద పేర్చాడు. ఒక నాణేనికి
ఎండిపోయిన చేప పొలుసు.

పుస్తకం తిరగేస్తే, అరవై రెండో పేజీ,
బొటనవేలు మొదలయ్యే చోట
గుర్తుగా పెట్టిన బూడిదరంగు నూలు.
వెలుతురుకి పట్టుకుంటేగాని కనపడనంత.
దానికి మా దగ్గర ఒక్కటే మాట ఉంది.
నేను అనలేదు.
"అది మాత్రం నాకిచ్చెయ్," అన్నాడు.
వేలికి చుట్టుకుని, విప్పి, టోపీలో దాచుకుని వెళ్ళాడు.
రసీదు అక్కడే మర్చిపోయాడు.

తాళం వేసేసరికి సముద్రం మీంచి మళ్ళీ పొగమంచు.
దుప్పట్లు లాగేస్తూ డోర్కస్ కేకేసింది,
అంతా బాగేనా అని.
"ఉన్నాను," అన్నాను.
ఏంటీ అంది. గాలికి వినపడలేదు.
రెండోసారి అనలేదు నేను.