ఆరు గంటల చప్పుడు

కాఫీ మానెయ్యమన్నాడు డాక్టరు.
ముప్పై ఏళ్లు త్రియెస్తే రేవులో
బస్తాలో గొట్టం పొడిచి, పచ్చి గింజ వాసన చూసి
ఏ ఓడ సరుకు తడిసిందో చెప్పినదాన్ని.
నా గుండె సంగతి మాత్రం
ఇంకొకరు గొట్టం పెట్టి చెప్పాల్సి వచ్చింది.

గింజలు పక్కింటివాళ్లకు ఇచ్చేశాను.
గ్రైండర్ ఇవ్వబుద్ధి కాలేదు.
అలాగని ఊరికే కూర్చోబెట్టి మేపడానికి
అదేమన్నా కొత్త అల్లుడా?

ముందు గుప్పెడు బియ్యం పోసి తిప్పాను,
పాత వాసన వదులుతుందని.
పిండి గోధుమరంగుకు తిరిగి బయటికొచ్చింది,
వాసన లోపలే ఉండిపోయింది.
ఎండిన రొట్టె వేస్తే చక్కగా పొడైంది.
ఆ పొడి అద్ది వేయించిన సార్డీన్లు
రాత్రంతా నిద్రపోని చేపల్లా ఉన్నాయి.
పంచదార మెత్తగా నలిగింది గానీ
మూత తీయగానే తుమ్మొచ్చి
సగం గోడకు పోయింది.
గుడ్డు పెంకులు (ఆ రోత చప్పుడు వినాలి!)
బాల్కనీలో జెరేనియం మొదట్లో చల్లితే
బోరా గాలి వాటిని ఎత్తుకెళ్లి
వీధిలో నిలిపిన కార్ల మీద చల్లింది.
గసగసాలు ఒక్కటే కుదిరాయి.
మా అమ్మ వాటిని రోట్లో దంచుతూ
ఎవరినో ఒకరిని తిట్టేది.
నాకు తిట్టే వ్యవధి కూడా దొరకలేదు,
అరనిమిషంలో అయిపోయింది.

ఇవన్నీ మధ్యాహ్నం పూట పనులు.
రిటైరైన మనిషిని, తొందరేముంది?

తొమ్మిదో రోజున తలుపు కొట్టాడు
పై అంతస్తు ఎజిదియో, బస్సు డ్రైవరు.
చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.
"ఒంట్లో బాగుందా, సిన్యోరా నివెస్?" అని
జవాబుకు ఆగకుండానే అసలు మాటకొచ్చాడు:
"పొద్దున్నే ఆరింటికి మీ మిషను మోగట్లేదు.
వారంలో మూడుసార్లు ఆలస్యం. డిపోలో చీవాట్లు."

పదకొండేళ్లుగా
నా నెత్తిమీద ఒక మనిషి
నా కాఫీకి లేస్తున్నాడు!
అలారం పెట్టుకోరాదా నాయనా, అన్నాను.
ఉందట.
నిద్రలోనే దాని నోరు నొక్కడం అలవాటైపోయిందట.

ఇప్పుడు రాత్రే సిద్ధం చేసుకుంటాను
అవిసె గింజలో, ఎండిన నారింజ తొక్కలో,
ఏదీ లేకపోతే నాలుగు ఉప్పురాళ్లో.
ఆరింటికి లేచి, శాలువా బిగించుకుని
బొత్తాం నొక్కుతాను.
పైన మంచం కిర్రుమంటుంది.
నేల మీద ఒక పాదం.
రెండోది కూడా పడ్డాకే
వేలు తీస్తాను.

తర్వాత మూత తీసి
ఒక్కసారి గట్టిగా వాసన పీల్చుకుంటాను.
దాని గురించి డాక్టరు ఏమీ అనలేదు.
నేనూ అడగలేదు.