కుడిచెయ్యి

రాత్రి డ్యూటీ. గుంటూరు, నల్లపాడు రోడ్డు.
కోల్డ్ స్టోరేజీలో నలభై వేల టిక్కీల తేజ మిర్చి
ధర కోసం కాచుక్కూచుంది.
నేనూ మస్తాన్‌వలీ
అద్దం పగిలిన ఫోనులో
గూ మన్‌హో సినిమా చూస్తున్నాం.
మస్తాన్‌కి ఆ పేరు నోరు తిరగదు, మనోహర్ అంటాడు.
“మనోహర్ గారిది ఇంకోటుందా?”

ఉన్నాయి. మొత్తం తొమ్మిది.
మొదటిది మూడు రోజులాడింది.
రెండోది ఏడేళ్ళు డబ్బాలోనే ఉంది.
ఆ ఏడేళ్ళూ బూసాన్‌లో టాక్సీ తోలాడట,
వెనక సీటు మాటలన్నీ
పెట్రోలు బిల్లుల వెనక రాసుకున్నాడట.
“ఏసీ సరుకన్నమాట,” అన్నాడు మస్తాన్,
“రంగు పోదు.”

మూడోదానికి
ఎక్కడో దూరదేశంలో జనం లేచి చప్పట్లు కొట్టారు.
ఆ వీడియో కూడా చూశాం.
తూకం అనుకున్నదానికంటే ఎక్కువొచ్చిన రైతు
కాటా వైపు అనుమానంగా చూసినట్టు
చూశాడు ఆ జనాన్ని.

అప్పట్నుంచీ సినిమాకొకటి తీసేస్తూ వచ్చాడు.
ముందు తుపాకులు.
తర్వాత వాన.
ఆరోదాంట్లో సంగీతం లేదు.
ఎనిమిదోదాంట్లో హీరో కూడా లేడు,
అతను లేచి వెళ్ళిన కుర్చీ ఉంది, అంతే.
నాకు నిద్రొచ్చింది. అబద్ధమెందుకు.

తొమ్మిదోదాంట్లో
ఒక ముసలావిడ సిమెంటు గచ్చు మీద కూచుని
ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తుంది.
నాలుగు నిమిషాలు. కట్ లేదు, మాట లేదు.

తెల్లారి పనిలోకొచ్చిన సలోమి
టిఫిను గిన్నె నా బల్ల మీద పెట్టి
భుజం మీంచి తొంగిచూసింది.
ఇరవై రెండేళ్ళుగా
కిలోకింతని తొడిమలు తీస్తున్న మనిషి.

“ఎవరామె?”
“కొరియా.”
“అట్టా గిల్లకూడదు, గింజ రాలిద్ది.
మెలేసి లాగాల.”
కాసేపు ఊరుకుంది.
“ఎడంచేత్తో చేస్తంది చూడు.
కుడిచెయ్యి పడిపోయినట్టుంది, పాపం.”

అదే సినిమా మూడుసార్లు చూసినవాణ్ణి.
వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.
నాలుగు నిమిషాలూ
ఆ కుడిచెయ్యి ఒడిలో గుడ్డ కిందే ఉంది.
గంట సినిమా ముందుకు జరిపినా
బయటికి రాలేదు.

షట్టరు లేచింది, ఘాటు కమ్మింది.
ముగ్గురం దగ్గాం.
సలోమి తలకి తువ్వాలు చుట్టుకుంటూ వెళ్ళి
గుమ్మం దగ్గర ఆగింది.
“సాయంత్రం దాకా అట్టాగే ఉంచు.
చెయ్యేమైందో
ఇంకో సినిమాలోనన్నా చెబుతాడేమో.”

ఇక సినిమాలు తీయనని
పోయిన నెలే చెప్పేశాడాయన.
ఆ సంగతి సలోమికి చెప్పలేదు.
ఫోను ఛార్జింగుకి పెట్టాను.