తొమ్మిదో రీలు

పది సినిమాలు చెప్పమంటున్నారు బాబుగారూ,
ఆ పదేళ్లలో నచ్చినవి, వరసపెట్టి,
తారలెవరో, తీసిందెవరో.
ఆయ్, నేను సినిమాలు చూడలేదండి.
మోశాను.

పాలకొల్లు హాల్లో ఒక ప్రింటు,
శివకోడు షెడ్డులో ఒక తెర,
మధ్యలో వశిష్ఠ.
మొదటి ఎనిమిది రీళ్లూ నూకరాజువి,
తొమ్మిదో దాన్నించి నావి.
అక్కడ ఆడగానే డబ్బాల్లో పెట్టి, గోనెపట్టా కప్పి,
సైకిలు కేరియరుకి ట్యూబు ముక్కతో బిగించి
చించినాడ రేవు దాకా తొక్కితే
అక్కడ పేరయ్య పడవ.
ఎంత మద్రాసు మహారాణైనా
పడవలో నా కాళ్ల దగ్గరే కూచోవాలి,
పక్కన కోళ్లగంప.

ప్రేమ కథలు తేలికండి, పదమూడు రీళ్లు.
కిరీటాలూ గదలూ ఉన్నవైతే పద్దెనిమిది,
పిక్కలు పట్టేసేవి.
దర్శకుల్లో నాకు తెలిసినవి రెండే రకాలు:
త్వరగా ముగించేవాళ్లు,
నా మీద జాలి లేనివాళ్లు.

రీలు వెనక్కి చుట్టేటప్పుడు
ఆపరేటరు అటు తిరిగితే
బల్బుకేసి పట్టేవాణ్ణి.
గోరంత మనిషి.
ఆ గోరంత మొహం మీద ఆవగింజంత కన్నీరు.
ఎందుకేడుస్తుందో నేల టికెట్టు వాడికి తెలుసు.
నాకు తెలీదు.
డబ్బా మీద అంకెలే నాకొచ్చిన చదువు.

అయినా అడిగారు గనక ఒకటి చెబుతా.

కార్తీకం వెళ్లిన వారం.
పాటు తీసేసి, పడవ ఇసకమేట మీద కూచుంది.
పేరయ్య గెడ విరిగేలా తోస్తున్నాడు, కదలదే.
అవతల ఎనిమిదో రీలు అయిపోయుంటుంది.
దిగాను.
మొల లోతు నీళ్లు, అయిదు డబ్బాలూ నెత్తిన.
మా పెద్దోణ్ణి బారసాల రోజు కూడా
అంత పదిలంగా ఎత్తుకోలేదు.
రెల్లులో ఏదో పిట్ట తిట్టింది.
రేవులో ఎవరిదో సైకిలు, అడక్కుండానే ఎక్కాను.

బెంచీలు విరుగుతుంటాయి, అనుకున్నా.
షెడ్డు దగ్గర చప్పుడే లేదు.
సోడా కొట్టువాడు కూడా లోపలే.
తడి లుంగీతో తడిక తోసి చూద్దును గదా,
తెర తెల్లగా, ఖాళీగా ఉంది.
జనమంతా దానికి వీపు పెట్టి కూచున్నారు.
ఆడాళ్ల బెంచీ మీద నించుంది
కొబ్బరిపీచు తాళ్లు పేనే కాసులమ్మ.
పోయిన శుక్రవారం పాలకొల్లులో చూసొచ్చిందట.
మిగతా కథ చెబుతోంది.
మాటకి మాటకి మధ్య అరచేతులు రాసుకుంటుంది,
అక్కడేదో పీచు ఉన్నట్టు.

డబ్బాలు దించాను.
ఆపరేటరు అబ్బులు వేలెత్తి
"ఉండు, అవనీ" అన్నాడు.

కాసులమ్మ సినిమాలో
పెద్ద పెళ్లాం కంచం కడిగి బోర్లించింది,
తాళాల గుత్తి గుమ్మంలో పడేసింది,
రేవుకొచ్చి పడవెక్కింది.
"ఏ పడవే?" అన్నారెవరో నేలలోంచి.
"ఏ పడవేంటి, మన పేరయ్యదే!"
షెడ్డు పైన తాటాకులు ఎగిరాయండి నవ్వుకి.

తర్వాత తొమ్మిదో రీలు వేశారు.
సగం మంది సోడాలకి లేచిపోయారు.
చివర్లో ఆవిడ మొగుడి కాళ్ల మీద తల పెట్టి
పెద్ద పాటొకటి పాడి ప్రాణం వదిలింది.
తెర మీద పసుపూ కుంకుమా, వయొలిన్లూ.
వెనక నుంచి ఒక ముసలమ్మ లేచి
"అబద్ధం! అది పడవెక్కేసింది" అంది.
ఎవరూ కాదన్లేదు.

ఆ రాత్రి తిరిగెళ్లేటప్పుడు
పోటు వచ్చింది, పడవ తేలింది.
పేరయ్య ముందు బల్ల గుడ్డతో తుడిచాడు.
ఎందుకని నేనడగలేదు, తను చెప్పలేదు.

రాసుకోండి, మొదటిది అదే.
మిగతా తొమ్మిదీ మీకు తోచినవి వేసుకోండి.
పేరా?
పేరూ, తీసినాయన పేరూ
మొదటి రీల్లో పడతాయండి.
అది నూకరాజు మోసేవాడు.