పందెం కాగితం

కరెంటు బిల్లు వెనక గీతలు కొట్టాను.
అడ్డంగా మా నలుగురి పేర్లు,
నిలువుగా అవార్డులు.
మనిషికి ఇరవై రూపాయలు.
రాశాక కొట్టివేతలు చెల్లవు.
ఈ రూలు ఫిలోమినాది.
పోయినేడు ఉత్తమ నటి గడిలో
సైదులు మూడు పేర్లు మార్చాడు,
మూడూ ఓడిపోయాయి.

కృష్ణానగర్‌లో మూడంతస్తుల మీద రేకుల గది.
టీవీ హుస్సేనీది, కేబులు పక్కింటివాళ్లది,
కుర్చీలు ఏదో పెళ్లి సీను అయిపోయాక
గోడౌనుకి దారి మర్చిపోయినవి.

ఫిలోమినా కాస్ట్యూమ్స్‌లో కుట్టుపని.
ఆమె జోస్యమంతా జాకెట్లలోనే.
"మెడ దగ్గర చూడు, హడావిడి కుట్టు.
నిన్న రాత్రే కబురందింది ఈమెకి. రాసుకో."
హుస్సేనీ డబ్బింగులో గుంపు గొంతు.
జాతర్లో అరుపు, ఆస్పత్రిలో దగ్గు, అన్నీ అతనే.
"పెళ్లాం పిల్లల్ని వెంటేసుకొచ్చినోడే గెలుస్తడు భాయ్,
ఊరికే ఎవడన్న పిల్లల్ని అర్ధరాత్రి దాక కూసోబెడ్తడా?"
నేను మాత్రం సినిమాలు చూసి రాస్తాను.
అందుకే ఏటా
చివర్నుంచి రెండోవాణ్ణి.

చివరివాడు సైదులు.
లైట్‌మన్. ఇరవై రెండేళ్ల సర్వీసు.
అతను పేరు రాశాడంటే ఆ మనిషి
ఇంటికి ఒట్టి చేతులతో పోయినట్టే.

ఛాయాగ్రహణం గడి దగ్గర
మోచెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు.
కాగితం లాక్కుని చూసి హుస్సేనీ అరిచాడు:
"అరె, వాన సినిమా నీదే గదరా! వేరేది రాసినవేంది?"
పటాన్‌చెరు అవతల పదకొండు రాత్రులు
ట్యాంకరు వానలో, నీళ్ల టాంకీ మీద,
ప్లాస్టిక్ కవరు చుట్టిన లైటు స్టాండుని
చంటిబిడ్డలా పట్టుకు నిలబడ్డాడు ఇతను.
తర్వాత నెల్లాళ్లు దగ్గాడు.
"రాసిన గదా. అయిపోయె," అన్నాడు.

సభ యూసుఫ్‌గూడ గ్రౌండులోనే.
మా కిటికీకి చప్పుడు ముందొస్తుంది,
టీవీకి బొమ్మ తర్వాతొస్తుంది.
పటాసులు బయట పేలి, ఆరి,
పొగ కూడా చెదిరిపోయాక
తెరమీద ఎవరో నిప్పంటిస్తున్నారు.
హాస్యనటుడి పేరు గాల్లోంచి ముందే వినబడేసరికి
ఫిలోమినా లేచి కిటికీ మూసేసింది.
"ఫలితాలు లీకవుతున్నాయి. పందెం పందెమే."

ఉక్కపోత. మిర్చీబజ్జీల నూనె వాసన.
పాట, ప్రకటన, డాన్సు, ప్రకటన,
ఎవరికో శాలువా, ఎవరిదో కన్నీరు.
మెడ కుట్టు నిజమైంది.
పిల్లల్ని తెచ్చినాయన గెలిచాడు,
పిల్లలు నిద్రపోతూ దొరికారు కెమెరాకి.

ఛాయాగ్రహణం అన్నారు.
సైదులు నీళ్ల కోసమన్నట్టు లేచి
కిటికీ రెక్క తీసి
మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.
టీవీలో ఒకావిడ ఇంకా కవరు చింపుతోంది.
బయట మైకులో ఏదో గొణుగుడు,
వెంటనే గ్రౌండంతా ఒక్క హోరు.
అతని భుజాలు దిగాయి,
బరువు దించినప్పుడు దిగినట్టు.

అప్పుడు మా తెరమీద పేరు పలికారు.
వాన సినిమా.
వెనకాల పెద్ద తెరమీద నాలుగు సెకన్లు ఆ రాత్రి:
ఎడమ మూలనించి తెల్లగా ఏటవాలుగా వెలుగు,
ఒక్కో చినుకూ లెక్కపెట్టుకోవచ్చు.
గెలిచినాయన నిర్మాతకి దణ్ణం పెట్టాడు,
హీరోకి, గురువుకి, ఇలవేల్పుకి,
"ఇంకా పేరు పేరునా అందరికీ."
సంగీతం మొదలెట్టి దింపేశారు.

సైదులు ఇటు తిరిగాడు.
"నేను రాసింది ఎన్నడన్న గెల్సిందా?"
అన్నాడు, మమ్మల్నే తప్పు పడుతున్నట్టు.
హుస్సేనీ నోట్లో బజ్జీ ఆగింది.
ఎవరం ఏమీ అనలేదు. అనడానికి
అప్పటికే సబ్బు ప్రకటన వచ్చేసింది.

ఎనభై రూపాయలూ ఫిలోమినావే.
సైదులు అతి శుభ్రంగా సున్నా.
ఇరవై నోటు మడత విప్పి, తొడమీద చదును చేసి,
కట్నం చదివించినట్టు రెండు చేతులా ఇచ్చాడు.
పొద్దున నాలుగున్నరకి యూనిట్ బండి,
పడుకోవాలన్నాడు. మెట్లమీద
అతని ఈల చాలాసేపు వినబడింది.

కాగితం పారేద్దామని తిప్పి చూశాను.
బిల్లు కట్టాల్సిన ఆఖరి తేదీ
నిన్ననే అయిపోయింది.