రేడియేట్

మంగళవారం పొద్దున, మిడిల్స్‌బ్రో ఆసుపత్రి.
నాది దుబాసీ పని.
గంటకి ఇంతని ఇస్తారు, బస్సు ఖర్చు నాదే.

మంచం మీద మస్తాన్‌వలి, చీమకుర్తి మనిషి.
లిన్‌థార్ప్ రోడ్డులో అట్లు పోస్తాడు.
చొక్కా విప్పించి ఎదనిండా తీగలు అంటించారు.

డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తకుండా అడిగింది,
ఆ నొప్పి రేడియేట్ అవుతోందా అని.

ఒక్క మాట.
నోరు తెరిచి, మళ్లీ మూశాను.

ప్రసరిస్తోందా అందామంటే
రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంటుంది.
వ్యాపిస్తోందా అంటే కలరా గుర్తొచ్చి
మొహంలో ఉన్న ఆ కాస్త రంగూ పోతుంది.
విస్తరిస్తోందా అంటే
ఆకేసి అన్నం పెడతారనుకుంటాడు, పాపం,
రాత్రి నుంచీ ఏమీ తినలేదు.

మనకి తీగయితే పాకుతుంది
పొగయితే కమ్ముతుంది
ఇంగువ గుప్పుమంటుంది
గుట్టు పొక్కుతుంది
బకెట్లో పడ్డ నీలిమందు చుక్క
ఎవరూ పిలవకుండానే అల్లుకుంటుంది.
దేని నడక దానికి నేర్పి పంపింది మన భాష.
వీళ్లకి మాత్రం
సూర్యుడి వేడికీ, పెళ్లికూతురి మొహంలో సంతోషానికీ
ఊరి నడిబొడ్డున బయల్దేరే రోడ్లకీ
ఈ మనిషి నొప్పికీ
అన్నిటికీ కలిపి ఒకటే చెప్పుల జత.

"లాగుతోందా అన్నా?" అన్నాను చివరికి.
"పోటా? సలుపా? గుంజుతోందా?
ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతోంది?"

మస్తాన్‌వలి నవ్వబోయి ఆగాడు.
కుడిచెయ్యి ఎత్తి లేని గరిటె పట్టుకున్నాడు.
ఎడమ రొమ్ము మీద, తీగల సందున
ఇంత పిండి పోశాడు.
తిప్పాడు.
నడిమి నుంచి అంచుకి, చుట్టు పక్కన చుట్టు,
ఎక్కడా మందం కట్టకుండా
భుజం దాకా, దవడ దాకా, మోచేతి మీదుగా
చిటికెన వేలి దగ్గర పల్చబడి
అంచు ఎర్రగా లేచేదాకా.

"ఇట్టా మేడం," అన్నాడు.
"పెనం మరీ కాలినప్పుడు పోస్తే
పిండి గరిటెకే చుట్టుకుంటది సూడండి, అట్టా."

డాక్టరమ్మ ఆ చుట్లన్నీ చూసింది.
నేను పెనాన్ని ఇంగ్లీషులోకి మోసుకొచ్చేలోపే
రాసేసుకుంది. తలకిందులుగా చదివాను:
రేడియేట్స్. ఎడమ చెయ్యి, దవడ.

పిండి లేదు. పెనం లేదు.
తప్పని అనను.
ఆ పొట్టి మాటే పది నిమిషాల్లో
నలుగురు మనుషుల్ని పరిగెత్తించి
అతన్ని లిఫ్టెక్కించింది.
నా క్రియలన్నీ కూడబలుక్కున్నా
ఆ మంచం చక్రం ఒక్కటి కదిలేది కాదు.

గదిలో నేనూ, అతని స్వెటరూ మిగిలాం.
కిటికీ కింద రేడియేటరుకి
పనిచేయడం లేదని చీటీ అంటించి ఉంది.
పేరుకి తగ్గట్టు ఉండేదేమో ఒకప్పుడు.
స్వెటర్ని దాని మీంచి తీసి, మడిచి, నర్సుకిచ్చాను.

ఆ తర్వాత ఏమైందో నాకు చెప్పరు.
దుబాసీకి చెప్పాలనే నియమం లేదు.
ఫారంలో నలభై నిమిషాలని రాసి సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో
నా కుడిచెయ్యి ఒళ్లో తిరుగుతూనే ఉంది,
కోటు మీద, నడిమి నుంచి అంచుకి.
పక్కసీటు ముసలాయన కాసేపు చూసి
తన సంచిని దగ్గరికి లాక్కున్నాడు.