చెవి నాది

బుడితిలో మా కొట్టం లెక్క ఇంతే:
పోత మా బావమరిది గున్నయ్యది,
ఆకురాయి, చింతపండు, మెరుగు తవిటమ్మవి,
చెవి నాది.

దూలానికి కట్టిన తాడుకి చెంబు తగిలించి
వేలి కణుపుతో ఒక్క దెబ్బ.
మోత వాసాలదాకా పోయి తిరిగొస్తే సరుకు.
నడుమ తెగిపోతే మూగది, మళ్ళీ కొలిమికే.
తవిటమ్మ తగువాడేది:
"కొన్నోడు నీళ్ళు తాగుతాడు గానీ, వాయిస్తాడేటి?"

ఎడంచెయ్యి అప్పటికే లేదు.
ఉంది, కానీ లేదు.
పద్దెనిమిదేళ్ళ కిందట, పాత ఇత్తడి మూటతో
మడపాం వంతెన దిగుతుంటే
తల ఒకవైపు పోయింది, భుజం ఒకవైపు.
నరాలు తెగలేదయ్యా, వెన్నులోంచి
వేళ్ళతో సహా ఊడొచ్చాయన్నాడు
పెద్దాసుపత్రి డాక్టరు.
పీకిన నారు నాటుకుంటాది గదా బాబూ, అన్నాను.
ఇది నాటుకోదన్నాడు.

అప్పట్నుంచీ తువ్వాలు జోలిలో మోస్తున్నాను దాన్ని.
ఈగ వాలినా తెలీని చెయ్యి
నడిరేయి మాత్రం బొగ్గుల్లో పెట్టినట్టు మండుతుంది.
అయినా, పోయింది చెయ్యే కదా,
అక్కడితో లెక్క తీరిందనుకున్నాం.

మొదట ఎండుచేపల వాసన పోయింది.
కూరకి వంకలు పెట్టడం మానేశానని
తవిటమ్మ సంతోషించింది కూడా.
తర్వాత, చీకట్లో గట్టు మీద నడుస్తుంటే
నేల నా పాదాలకి జానెడు కిందెక్కడో ఉండేది.
కల్లు అన్నారు.
కల్లు ముట్టి ఏడేళ్ళయింది నేను.

ఆ తర్వాత చెంబులన్నీ మూగవైపోయాయి.
ఒక్క వారంలో నలభై కరిగించమన్నాను.
గున్నయ్య రాగి పాళ్ళు మార్చాడు, బొగ్గు మార్చాడు,
చివరికి నా ఎదట నిలబడి అరిచాడు.
నాకు వాడి పెదాలే కనబడ్డాయి.

విశాఖపట్నంలో, చిన్న వయసు డాక్టరమ్మ
ఫిల్ముని కిటికీ వెలుగులో పట్టుకుంది.
వెన్నుపాము చుట్టూ నల్లటి గీత,
ఎవరో కాటుక దిద్దినట్టు.
కాగితం మీద రాసింది నాకోసం:
వేళ్ళు ఊడిన చోట పొర చిరిగే ఉంది.
ఇన్నేళ్ళూ అక్కడ రక్తం చుక్కచుక్కగా ఊరుతోంది.
రక్తంలో ఇనుం ఉంటుంది.
వెన్నులో నీళ్ళతో కలిసి, మెదడుదాకా పోయి
అది తుప్పులా పట్టింది.

ఇత్తడి పనోణ్ణి, నాకు తుప్పేంటి?
మా సరుక్కి పట్టేది కిలుం.
తవిటమ్మ ఏదో అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు.
నరసన్నపేట దాటాక, బస్సులో,
బిల్లు పుస్తకం వెనక రాసి చూపించింది తను అడిగింది:
"చింతపండేసి తోమితే పోదేటమ్మా?"

పోదు.
చిరుగు కుడతారట, వచ్చే మంగళవారం.
పట్టింది పట్టినట్టే. ఇక మీద ఆగొచ్చు.
"ఆగొచ్చు" కింద డాక్టరమ్మ రెండు గీతలు గీసింది.
అవి భరోసాకో, జాగ్రత్తకో
నేను అడగలేదు.

ఈ పొద్దున గోడ పట్టుకుని కొట్టంలోకొచ్చాను.
తవిటమ్మ తాడుకి చెంబులు తగిలిస్తోంది.
ఒక్కోదానికీ కణుపుతో ఒక దెబ్బ,
తల కొంచెం ఎడమకి వాల్చి,
అచ్చం నేను వాల్చినట్టే.
పదకొండింటిని గోనె మీద పెట్టింది.
మూడింటిని కొలిమివైపు నెట్టేసింది.
వాయిస్తాడేటి అన్న మనిషి!

ఆ మూడింట్లో ఒకదాన్ని తాడుకి తగిలించి
కొట్టి, అరచెయ్యి ఆనించి చూశాను.
సన్నగా వణికింది, అంతే.
మంచిదో మూగదో నాకు తెలీలేదు.
తిరిగి ఆమె పెట్టిన చోటే పెట్టేశాను.