అరచెంచా తుప్పు

ఆకివీడులో చెరువు నీళ్లకి పరీక్షలు చేసే కొలువు నాది.
పగలంతా రొయ్యల రైతుల సీసాలు,
రాత్రి ఇంట్లో, బల్ల మీద, నా రెండడుగుల సముద్రం.

గొట్టంలో నీలం ఎంత చిక్కబడితే ఫాస్ఫేటు అంత.
మొన్న సిరా బుడ్డంత నీలం.
గాజుకి పాచి. పగడానికి గోధుమరంగు మసక.

నిరుడు ఇలాగే కంగారుపడ్డాను.
తుప్పురంగు గుళికలు డబ్బాడూ ఒక్కరాత్రే దింపేశాను.
తెల్లారేసరికి నీళ్లు అద్దం,
నాలుగోనాటికి పగడం ఎముక.
హేచరీలో తల నెరిసిన విక్టర్ బాబాయి వంగి చూసి
"కడుపు మాడ్చి చంపావురా" అన్నాడు.
"ఆ మురికిలోనే దాని ముద్ద కూడా ఉంటది."

ఈసారి అరచెంచా.
ఎర్రనీళ్లు విరిగేదాకా కడిగి,
చిన్న సంచీలో పోసి, సన్నధార కింద వేలాడదీసి
మూడ్రోజులు చేతులు కట్టుకు కూర్చోవడం.
అదే కష్టం.
మేత మంచు కరిగిన నీళ్లు తూములోకే.
చేపలకి ఒంటిపూట అంటే కెజియా ఒప్పుకోదు,
నేను చూడనప్పుడు చిటికెడు వేస్తుంది.
నీలం నాకు చాడీ చెబుతుంది.

కిటికీ అవతల డీఏపీ బస్తాల లారీ
ఉండి రోడ్డెక్కింది.
చేలు తాగగా మిగిలింది కాలవకి,
కాలవది ఉప్పుటేరుకి.
అక్కడ ఏ చెంచాతో కొలవను?

ఇవాళ గొట్టం లైటుకి పట్టాను.
ఉతికి ఉతికి వెలిసిన స్కూలు రిబ్బనంత నీలం.
సున్నా కాదు. సున్నా వద్దు.
"నాన్నా, ఒకటి నోరు తెరిచింది" అంది కెజియా,
గాజుకి ముక్కు ఆనించి,
వెనకాల గుప్పిట మూసి.